వంకరగా రాసుకున్న డిస్కు

ఉరనో షొజో అంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే తరవాత నేను చెప్పేదాన్ని ఎవరూ పొగడ్త అనుకోరు. నిప్పొంబషిలో పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే సందులో కింద 'టొకి' అని నా పేరే బోర్డు మీద రాసుకున్న కాఫీ కొట్టు, పైన వాడి రిపేరు గది. పదహారేళ్లుగా వాడి కుర్చీ చక్రాలు నా నెత్తి మీదే దొర్లుతున్నాయి. ఇద్దరం ఒకే ముసలాయన మేడలో అద్దెకున్నాం గనక వాణ్ణి నేను వెళ్లగొట్టలేను, నన్ను వాడు వెళ్లగొట్టలేడు.

పొద్దున్న ఎనిమిదిన్నరకి నా కొట్లోకి వస్తాడు. కాఫీ, మందపాటి కాల్చిన రొట్టె, ఉడికిన గుడ్డు. గుడ్డు పెంకు ఒలుస్తూ రోజుకొక వంక పెడతాడు.

"పిన్నీ, ఇది గుడ్డా, గోళీకాయా?"

"నచ్చకపోతే ఎదురు కొట్టుకి పో."

"పోయేవాణ్ణే. వాళ్ల కాఫీ నీ కాఫీ కన్నా ఘోరం."

పదహారేళ్లలో వాడు నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే.

వాడి పని పాత గేమ్ మెషిన్లు బాగుచెయ్యడం. అందులోనూ డిస్కు పెట్టెలు. మా పిల్లలు టీవీ ముందు కూలబడి ఆడిన రోజుల్లో మెషిన్ కింద ఒక ఎర్ర పెట్టె ఉండేది. అరచేతిలో పట్టే పసుపు డిస్కు అందులోకి తోస్తే గిర్రున తిరిగి ఆట మొదలయ్యేది. ఆడినవాడు ఎంతదాకా వచ్చాడో కూడా ఆ డిస్కు మీదే రాసిపెట్టేది. ఇన్నేళ్లకి ఆ పెట్టెల్లో మోటారుకి తగిలించిన రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోతుంది. కొత్త బెల్టు ఎవరైనా వేస్తారు. వేశాక, డిస్కుని తిప్పే ఇరుసుని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టడమే కష్టం. అందులో షొజోని మించినవాడు లేడంటారు. ఉత్తరం కొసన ఉన్న హొక్కైదో దీవి నుంచి కూడా పార్సిళ్లు వస్తాయి. చేతిలో పనితనం ఉంది, కాదనను. నోట్లో మాత్రం ముల్లుంది.

సొంతంగా విప్పి చూసుకున్నవాళ్లు దొరికితే వాడికి పండగే. "ఎవరు విప్పారు? నువ్వేనా? అవి చేతులా, చీపురుకట్టలా? మర తల అరగదీసి నాకు తెచ్చావ్, సిగ్గుండాలి." కొబె నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి, బట్టతల మనిషి, పాపం ఆయన ఆ మెట్లు దిగి నా కొట్లో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకోవడం నేను చూశాను. ఆయనకి ఉచితంగా ఇంకో కప్పు పోశాను. షొజో మీద కసితో పోశాను, జాలితో కాదు.

ఇలా ఎందుకు తయారయ్యావురా అంటే వాడి దగ్గర ఒక కథ ఉంది. వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. నేను వందసార్లు విన్నాను. పదకొండేళ్లప్పుడు, అంటే ముప్పై ఎనిమిదేళ్ల కిందట, వాడు ఒక ఆటని ఐదు నెలలు ఆడి చివరి కోట దాకా వెళ్లాడట. ఇంక ఆ కోటలో రాక్షసుణ్ణి చంపడమే మిగిలిందట. అప్పుడు వాడికి కిడ్నీల వాపు వచ్చి నలభై రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. తిరిగొచ్చి డిస్కు తోస్తే ఆట మొదలైంది గానీ వాడి పేరుండాల్సిన చోట ఖాళీ. ఇంట్లో ఉన్నది అమ్మా, పదహారేళ్ల అక్క చిజుయే. అమ్మకి మెషిన్ ముట్టుకోవడం కూడా రాదు. ఇంకెవరు? అక్కే తన పేరు పెట్టుకుని ఆడదామని వాడి ఆట చెరిపేసింది. ఆ రోజు నుంచి అక్కకి వాడు పెట్టిన పేరు చెరుపుడక్క. ఆ రోజు నుంచి ఆమెతో మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు కూడా అంత్యక్రియల్లో పెట్టిన ఆవిడ ఫొటోకి ఆ పక్కన అక్క, ఈ పక్కన వీడు నిలబడ్డారట.

"ఎవరిదైనా ఆట పోయిందంటే నా కడుపు రగిలిపోద్ది పిన్నీ. అందుకే ఈ పనిలోకొచ్చా," అనేవాడు. కడుపు రగలడం వాడికి ఇష్టమని నాకు అనిపించేది. కొంతమంది పొద్దున్నే కాఫీతో మొదలుపెడతారు, వీడు పగతో మొదలుపెడతాడు.

పోయిన వసంతంలో సాయంత్రం పూట వచ్చే టీవీ కార్యక్రమం వాళ్లు మా సందుకొచ్చి వాడి గది చిత్రీకరించారు. అక్కడ కూడా ఇదే కథ. తెర అడుగున పెద్ద అక్షరాలతో 'చెరుపుడక్క' అని వేశారు, పక్కన ఏడుస్తున్న పిల్లాడి బొమ్మ. స్టూడియోలో అందరూ పగలబడి నవ్వారు. మర్నాడు వాడు నా కొట్లో కాలు మీద కాలేసుకుని గుడ్డు గురించి ఏమీ అనకుండా తిన్నాడు.

రెండు వారాల తరవాత, మంగళవారం పొద్దున్న పది గంటలకి, ఒకామె నా తలుపు తోసుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. రెండు చేతులతో ఒక సంచి పట్టుకుంది.

"ఉరనో రిపేర్లు పైనేనా అండీ?"

"పైనే. కాఫీ తాగకముందు మాట్లాడడు, తాగాక తిడతాడు. చూసుకుని వెళ్లండి."

"తెలుసులెండి. నేను వాడి అక్కని."

నా చేతిలో గరిటె జారింది. వందసార్లు విన్న కథలోంచి మనిషి లేచి వచ్చి నిలబడ్డట్టుంది. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీకు కొట్లో బేరం లేనట్టుంది. మీరూ పైకి రండి. నాకు సాక్షి కావాలి," అంది. అలాంటి తగువు చూడకుండా వదిలే రకం కాదు నేను. తలుపుకి 'మూసి ఉంది' బోర్డు తిప్పేసి ఆమె వెనకాలే ఎక్కాను.

షొజో భూతద్దం కళ్లకి తగిలించుకుని ఏదో అతుకు వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవరూ?"

"చెరుపుడక్క," అందామె.

వాడి చేతిలో కాల్చిన ఇనపముల్లు అలాగే ఆగిపోయింది. పొగ లేస్తూనే ఉంది. దాన్ని స్టాండులో పెట్టి, "ఎందుకొచ్చావ్?" అన్నాడు.

"రిపేరుకి. కొట్టేగా ఇది? లేకపోతే టీవీ వాళ్లకి కథలు చెప్పుకునే చావడా?"

సంచిలోంచి ఎర్ర పెట్టె తీసి వాడి బల్ల మీద పెట్టింది. చేతిరుమాల్లో చుట్టిన పసుపు డిస్కు దాని మీద పెట్టింది. షొజో మొహం పాలిపోయింది. అది వాడిదే. ఆట పోయిన రోజు 'నువ్వే ఆడుకో, చావు' అని ఆమె ఒళ్లోకి తోసేసిన పెట్టె.

"ఇన్నాళ్లూ ఎందుకు దాచావ్?"

"నా మీద నేరం మోపావు కదా. రుజువుని ఎవరైనా పారేస్తారా?" చిజుయే బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది. "విను షొజో. నేను బడి భోజనాల వంటశాలలో పెద్దని. నా కింద ఇరవైమంది ఆడాళ్లు. మొన్న నీ టీవీ చూసినకాడ్నించి, చిజుయే గారికి లిస్టు ఇవ్వకండి, చెరిపేస్తుంది అని ఒకటే నవ్వులు. పిల్లలు కూడా వరసలో నిలబడి చెరుపుడక్కా, ఇంకొంచెం సూపు పొయ్యి అంటున్నారు. నవ్వుతాలికే, నాకూ తెలుసు. కానీ అమ్మ నవ్వుతాలికి అన్లేదురా. పోయే ముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిది ఎందుకు చెరిపావే అంది. నీ మాటే నమ్మి పోయింది."

చిజుయే పెట్టెని వాడి వైపు ఇంకొంచెం తోసింది.

"ఇది బాగుచెయ్యి. అందులో నీ ఆట ఉందో లేదో ఈవిడ ముందు తేలాలి. లేకపోతే నేనే చెరిపానని వంటశాల గుమ్మంలో నిలబడి ఒప్పుకుంటా."

"ఉంటే?"

"ముందు చూడరా."

షొజో నవ్వాడు. నాకు అసహ్యం పుట్టించే నవ్వు అది, గెలుపు తనదేనని ముందే తెలిసినవాడి నవ్వు. "నీ ఇష్టం. ఏడవకూడదు మరి," అని పెట్టె తిరగేసి మరలు విప్పాడు.

పైమూత తీయగానే బెల్టు కరిగిన నల్లటి జిగురు కనబడింది. దూదిపుల్లలు స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క చక్రం తుడిచాడు. మాట్లాడకుండా పావుగంట తుడిచాడు. పని చేస్తున్నంతసేపూ వాడు వేరే మనిషి; ఆ మనిషిని చూడకూడదనే నేను పైకి రాను. కొత్త బెల్టు వేశాడు. తరవాత ఇరుసు దగ్గర భూతద్దం పెట్టి చూసి, మళ్లీ చూశాడు.

"ఇది ఎవరో ముందే విప్పారు."

"అయితే?" అంది చిజుయే.

"ఏం లేదు. విప్పినవాళ్లని తిడదామనుకున్నా, తిట్టడానికేం లేదు." బట్టముక్కతో ఇరుసు మెల్లగా తిప్పాడు. "ఎంత తిన్నగా నిలబెట్టాడో చూడు పిన్నీ. కొలత చూసే పనిముట్టు లేకుండా చేశాడు, ఆ గుర్తులు కనబడుతున్నాయి. మర కదలకుండా గోళ్లరంగు వేసి బిగించాడు. గులాబీ రంగు! ఎవడో గానీ మొనగాడు. ఇరవై ఏళ్ల పనివాడైనా అయ్యుంటాడు."

"పదహారేళ్లు," అంది చిజుయే.

"ఏంటి?"

"పదహారేళ్లదాన్ని. నేనే చేశాను. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నువ్వు ఆడుతున్నప్పుడే పెట్టె గరగరమనేది, ఒకసారి చదివితే రెండుసార్లు మొరాయించేది. నువ్వొచ్చేసరికి బాగుండాలని నాన్న టేప్‌రికార్డరు పనిముట్లతో విప్పాను. నీకు చెప్పానురా. బాగుచేశానే తప్ప నేనేం చెరపలేదని ఏడుస్తూ చెప్పాను. నువ్వేమన్నావో గుర్తుందా? ఆడపిల్లవి, నీకు మర విప్పడం కూడా రాదు, అబద్ధాలాడకు అన్నావ్."

వాడి మొహం మాడిపోయింది. తన పనితనానికి గుడి అనుకునే చోట వాడి కన్నా ముందే అక్క దీపం పెట్టి వెళ్లిపోయింది. నాకు లోపల్లోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

డిస్కు అట్టకున్న చిన్న కిటికీలోంచి తెల్లటి బూజు కనబడింది. దాన్ని కూడా మెల్లగా తుడిచాడు. "పూత బలహీనంగా ఉంది. ఐదారుసార్లు తిరిగితే ఎక్కువ. ఆ తరవాత గీతలు పడిపోతాయ్," అన్నాడు. టీవీకి తగిలించి, డిస్కు లోపలికి తోశాడు. మోటారు గుయ్యిమంది. తెర నల్లబడింది, సంగీతం మోగింది, ఆట పేరు వచ్చింది. మీట నొక్కాడు. మళ్లీ గుయ్యిమంది, గుర్రుగుర్రుమంది. మూడు పేర్లకి మూడు గళ్లు వచ్చాయి. మూడూ ఖాళీ.

"చూశావా!" షొజో కుర్చీ వెనక్కి తోసుకుని లేచాడు. "చూశావా పిన్నీ! సాక్షివి నువ్వే. ముప్పై ఎనిమిదేళ్లు నన్ను అబద్ధాలకోరుని చేసింది. వెళ్లి చెప్పుకో నీ వంటశాలలో!"

చిజుయే తెర వంకే చూస్తోంది. ఆమె మొహంలో రక్తం లేదు. "నేను చెరపలేదు," అంది, మాకు కాదు, ఆ ఖాళీ గళ్లకి. "దేవుడి మీదొట్టు, వాడి ఆటని నేను ముట్టుకోనే లేదు."

నాకు కూడా అప్పుడు అనుమానం వచ్చింది, ఒప్పుకుంటున్నాను. ఇంత ధైర్యంగా రుజువు పట్టుకొచ్చిన మనిషి తప్పు చెయ్యలేదని నమ్మేదాకా వచ్చి, తెర చూసి మనసు మార్చుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అప్పుడు చూశాను, షొజో మళ్లీ కూర్చున్నాడు. నవ్వు పోయింది. డిస్కు బయటికి లాగి, మళ్లీ తోసి, చెవి పెట్టె మీదకి వంచాడు. గుయ్యిమంది. గుర్రుగుర్రు, గుర్రుగుర్రు, గుర్రుగుర్రు. మూడు గళ్లు వచ్చాయి. ఖాళీ.

వాడు చెవి ఇంకా పెట్టెకే ఆనించి ఉంచాడు.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు."

"ఏం లేకపోతే మొహం అలా ఎందుకు పెట్టావ్?"

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ గదిలో మెషిన్ చప్పుడు అర్థమయ్యేది వాడొక్కడికే. 'చెరిపేసింది, అంతే' అని వాడంటే మేమిద్దరం నోరెత్తలేం. చిజుయే తలదించుకుని మెట్లు దిగిపోయేది, వాడు చచ్చేదాకా ఆ కథ చెప్పుకుని బతికేవాడు. వాడు మనుషుల విషయంలో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు, నా గుడ్ల గురించే ఎన్ని ఆడాడో. కానీ పని దగ్గర ఆడలేడు. మంచితనం కాదది. రోగం.

"చెరిపిన చోటైతే ఒక్క ఊపున దాటిపోవాలి," అన్నాడు. "ఖాళీ అని రాసుంటది, ఖాళీ అని చదువుకుని పోద్ది. ఇది మూడుసార్లు వెనక్కెళ్లి తడుముకుంటోంది. అక్కడ ఏదో ఉంది. చదవలేకపోతోంది."

"అంటే?" అంది చిజుయే.

వాడు ఆమె వంక చూడలేదు. నాకే చెప్పాడు. "డిస్కు మీద అసలు ఆట కంపెనీవాళ్లు రాసింది. తిన్నగా రాసింది. ఇరుసు కొంచెం వంకరగా ఉన్నా సర్దుకుని చదివేస్తది. కానీ నా ఆట రాసింది ఈ పెట్టే. రాసినప్పుడు ఇది వంకరగా ఉందనుకో, రాత కూడా వంకరే. వంకర పెట్టెకి ఆ రాత కనబడతది. తరవాత ఎవరో వచ్చి... తిన్నగా నిలబెడితే, తన రాత తనకే కనబడదు."

"ఎవరో కాదు, నేను," అంది చిజుయే. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను బాగుచెయ్యడం వల్లా?"

"మరీ బాగా చేశావ్," అన్నాడు షొజో.

అది నింద లాగా అన్నాడు. ఆమె వినలేదు. ఇంకేదో ఆలోచిస్తోంది. ఒక్కసారి తల ఎత్తింది.

"మరి వంకర ఎలా అయింది? కొన్నప్పుడు బాగానే ఉందిగా."

వాడు మరలు వేసుకునే డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

"షొజో. తన్నావ్ నువ్వు. చివరి కోటలో చచ్చిపోయి కాలితో తన్నావ్. గోడకి తగిలి మళ్లీ కిందపడింది. నేను పక్క గదిలో పరీక్షకి చదువుకుంటున్నా. అమ్మ వస్తే పుస్తకాల బీరువా పడిందని నీ కోసం అబద్ధం ఆడాను."

"ఒక్కసారే తన్నా."

"ఒక్కసారే తన్ని ముప్పై ఎనిమిదేళ్లు నన్ను తిడతావా?"

"నాకు తెలిస్తే కదా!" వాడు గట్టిగా అరిచాడు. కింద సందులో వెళ్లేవాళ్లు తల ఎత్తి ఉంటారు. "పదకొండేళ్లవాడికి ఏం తెలుసు?"

"యాభై ఏళ్లొస్తున్నాయి. దేశమంతటికీ ఇరుసులు సరిచేస్తున్నావ్. ఒక్కరోజైనా అనుమానం రాలేదా? ఈ పని చేసేవాడికి ఇది తట్టకపోవడమేంటి?"

నా ఉద్దేశం, తట్టే ఉంటుంది. తట్టగానే పక్కకి తోసేసి ఉంటాడు. అక్క తప్పు లేదంటే వాడికి ఇంకేం మిగులుతుంది?

"రుజువు కావాలి. మాటలొద్దు," అంది చిజుయే. "మళ్లీ వంకర చెయ్యి."

ఇరవై ఏళ్లుగా తిన్నగా పెట్టడమే నేర్చుకున్న చెయ్యి అది. వంకర చెయ్యాలనేసరికి పనిముట్టు రెండుసార్లు తీసి మళ్లీ పెట్టేసింది. ఎంత వంకరో ఎవరికీ తెలియదు. కొంచెం తక్కువైతే చదవదు, కొంచెం ఎక్కువైతే అసలు ఆటే మొదలవదు. డిస్కు పూత చూస్తే మహా అయితే నాలుగు తిరుగుళ్లు మిగిలాయి. గులాబీ రంగు గీకి మర వదులు చేశాడు. ఇరుసుని వేలిగోటితో నెట్టాడు. కనబడనంత. బిగించాడు, డిస్కు తోశాడు. గుర్రుగుర్రు మూడుసార్లు. ఖాళీ.

"ఎటు పడింది? తన్నినప్పుడు?" అన్నాడు.

"గోడ ఎడమపక్కన. మూల నేలకి తగిలింది. ఈ మూల." చిజుయే పెట్టె అంచున చిన్న పగులు చూపించింది.

అటు వైపు నెట్టాడు. తోశాడు. రెండుసార్లు తడుముకుంది. ఖాళీ.

"దగ్గరికొచ్చాం," అన్నాను నేను. ఎవరి పక్షమో నాకే తెలియలేదు.

మళ్లీ వదులు చేశాడు. ఈసారి కళ్లు మూసుకుని నెట్టాడు. తోశాడు. గుయ్యిమని, ఒక్కసారి గుర్రుమని, ఆగింది. మొదటి గడిలో పేరు వచ్చింది. పేరుకి నాలుగు అక్షరాలే పడతాయి, మా జపాను అక్షరాల్లో రాస్తే వాడి పేరుకి ఐదు కావాలి, అందుకని చివరిది ఎగిరిపోయి తోక తెగిన పేరుతో నిలబడ్డాడు షొజో. పక్కన చిన్న కత్తి బొమ్మ, ప్రాణాల లెక్కకి నిండా గుండె బొమ్మలు, పదకొండేళ్ల పిల్లాడి ఐదు నెలలు.

ఆట సంగీతం మోగుతూనే ఉంది, బుద్ధి లేకుండా ఉత్సాహంగా.

షొజో కళ్లలో నీళ్లు తిరిగాయి. పేరు చూసి తిరిగాయా, అక్కని చూసి తిరిగాయా అంటే పేరు చూసే. అది నాకు స్పష్టంగా తెలుసు. చెయ్యి చాపి తెర మీద పేరుని వేలితో ముట్టుకున్నాడు. అక్క పక్కనే కూర్చుని ఉంది, ఆమెని ముట్టుకోలేదు.

"టొకి గారూ, చూశారుగా?" అంది చిజుయే నాతో.

"చూశాను. వంటశాలకొచ్చి చెప్పమన్నా చెబుతాను."

"అక్కర్లేదండీ. మీరు చూశారు, చాలు." చెయ్యి చాపి బల్ల మీదున్న, ఆట ఆడే మీటల పలక తీసుకుంది. అది చేతిలో పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది, ఎప్పుడూ పట్టుకున్న మనిషి కాదు. ఒక బాణం నొక్కింది. పసుపు గుర్తు పేరు మీద నుంచి కిందికి దిగింది. ఇంకోసారి నొక్కింది. 'చెరుపు' అనే మాట దగ్గర ఆగింది.

"అక్కా," అన్నాడు షొజో.

"చెయ్యని పనికి ముప్పై ఎనిమిదేళ్లు తిట్లు తిన్నాను. అమ్మ దగ్గర తిన్నాను, నీ దగ్గర తిన్నాను, నా వంటశాలలో పిల్లల దగ్గర తిన్నాను. ఇప్పుడు చేస్తాను. ఆపాలనుంటే ఆపుకో."

వాడి బొటనవేలు డిస్కు బయటికి తీసే బొత్తాం మీదే ఉంది. నేను చూశాను. నొక్కితే చాలు, డిస్కు బయటికొచ్చేస్తుంది, ఆట అలాగే మిగిలిపోతుంది. ఆమెకి అంత వేగం లేదు, వాడికుంది. తెర మీద అడిగింది, నిజంగానా అని. ఆమె వాడి మొహంలోకి చూస్తూ ఆగింది. తొందరపడలేదు. వాడికి కావలసినంత టైమిచ్చింది.

షొజో వేలు బొత్తాం మీంచి తీసేశాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆమె నొక్కింది. మోటారు గుయ్యిమని వంకరగా రాసుకుంది. పేరు పోయింది.

వాడు ఏడ్చాడు. దాచుకోకుండా, ముక్కు కారుతుంటే చొక్కా చేతితో తుడుచుకుంటూ ఏడ్చాడు. వాణ్ణి నేను పదహారేళ్లుగా తిట్టుకున్నాను, ఆ ఒక్క నిమిషం తిట్టుకోలేదు. చిజుయే కూడా ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మీటల పలక బల్ల మీద పెట్టి, తీగ చక్కగా చుట్టింది.

"ఇన్నాళ్లూ నన్ను తిట్టింది దీని కోసం. ఇప్పుడది లేదు. ఇక నన్ను తిట్టాలంటే కొత్త కారణం వెతుక్కో."

సంచి తీసుకుని తలుపు దాకా వెళ్లింది. పెట్టె తీసుకోలేదు.

"వెతుక్కుంటా," అన్నాడు షొజో. "దొరికితే ఎక్కడికొచ్చి తిట్టాలి? ఎక్కడుంటావ్ నువ్వు?"

ఆమె మెట్ల మీద ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఫుసెలో. పెళ్లయినప్పటి నుంచీ అక్కడే."

ఫుసె అంటే మాకు రైల్లో నాలుగో స్టేషనే, పది నిమిషాల దారి.